వదలని ఇనుము

“తాగినావా లేదా? ఒకటే మాట చెప్పు పౌలూ.”

సబ్‌జైలు ములాఖత్ గదిలో జాలీకి అవతల నిలబడ్డ మనిషి తల దించుకున్నాడు.

“తాగినా మేడమ్. ముందురోజు సాయంత్రం. పొద్దున పనిలోకి పోయేటప్పటికి చుక్క లేదు నాలో.”

“మరి పోలీసులు వచ్చేసరికి నీ నోరు గుప్పుమంటుండింది. అది రిపోర్టులో ఉంది.”

“అంకన్నన్నే పోసినాడు మేడమ్. మా బావ మీదికి ట్రాలీ ఎక్కినాక నేను నిలబడలేకపోయినా. షెడ్డు ఎనక్కి తీసకపోయి, గుండె నిబ్బరానికి తాగురా అని గ్లాసు నోటి కాడ పెట్టినాడు. వద్దంటే తల పట్టుకొని పోసినాడు.”

ఫర్హత్ చేతిలోని పెన్ను ఆగిపోయింది. బావ శవం దగ్గర ఏడుస్తున్నవాడి గొంతులో సారా పోసి, ఆ తరువాత అదే వాసనను సాక్ష్యంగా చూపించారన్నమాట. 

ఫర్హత్ పదేళ్లకు పైగా విద్యుత్ తనిఖీ శాఖలో పనిచేసింది. చూడని మోటార్లను చూసినట్టు సంతకాలు పెట్టమంటే పెట్టలేక బయటికి వచ్చి, మార్కాపురంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఈ కేసు ఆమె దగ్గరికి తెచ్చింది ఎలీషబా. ఎలీషబాకు చనిపోయిన నతానియేలు భర్త. చంపాడని జైల్లో ఉన్న పౌలు తోడబుట్టిన తమ్ముడు.

కేసు చూడటానికి సాదాగానే ఉంది. మార్కాపురం అవతల అంకన్న లీజుకు తీసుకున్న పలకల గని. గని అడుగు నుంచి పైదాకా వాలుగా పట్టాలు. రాళ్లతో నింపిన ట్రాలీని ఆ పట్టాల మీద పైకి లాగేది కరెంటు వించ్. దాన్ని నడిపేవాడు పౌలు. వారం కిందట సగం దూరం ఎక్కిన ట్రాలీ వెనక్కి జారి, అడుగున పలకరాయి చీలుస్తున్న నతానియేలును కింద వేసుకుంది. ఆపరేటరు తాగిన మత్తులో బ్రేకు వేయలేదని కేసు కట్టారు.

“ఆరోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు.”

“మా బావే చెయ్యెత్తినాడు, ఆపమని. రాయి ఒకటి పక్కకి ఒరిగింది ట్రాలీలో. నేను బటన్ వదిలేసినా. ఆ వించ్‌కి చేత్తో వేసే బ్రేకు లేదు మేడమ్. బటన్ వదిలితే అదే పడాల. మోటారు ఆగింది, బ్రేకు పడలా. ట్రాలీ నిలబడినట్టే నిలబడి ఎనక్కి తిరిగింది. మళ్ళీ పైకి నొక్కినా. మోటారు మూలిగి ట్రిప్పయిపాయ. అంతా అయిపోయి, ట్రాలీ కింద గుద్దుకున్నాక అప్పుడు పడింది, ఠక్కని. ఆ చప్పుడు నాకింకా వినపడతానే ఉంది.”

“అట్ల లేటుగా పడటం ఇదే మొదలా?”

“మొదలేంది మేడమ్! శానాసార్లు అయింది. అంకన్నన్నకు చెప్తే, దానికీ నీమాదిరే తాగిన మబ్బురా అని నవ్వినాడు.”

ఫర్హత్ లేచింది. మనిషి చేయి తగలని బ్రేకు, పడాల్సినప్పుడు పడకుండా తరువాత తీరిగ్గా పడింది. పోలీసు రిపోర్టు మాత్రం ఆ బ్రేకును పరీక్షించామని, లోపమే లేదని చెబుతోంది. రెండూ నిజమే కావాలంటే మధ్యలో ఎవరిదో చెయ్యి ఉండాలి.

*

డిఫెన్సు తరఫున వించ్‌ను మళ్లీ పరిశీలించడానికి కోర్టు అనుమతి ఇచ్చింది. సీలు విప్పడానికి ఎస్సై శ్యాంసన్ వచ్చాడు. ఫర్హత్ వెంట ఎలీషబా కూడా గనికి వచ్చి, వించ్ షెడ్డు గడప దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

షెడ్డులోకి వెళ్లేముందు ఫర్హత్ వాలు అంచున నిలబడి కిందికి చూసింది. పట్టాల చివర ఒకచోట పలకపొడి తెచ్చి మందంగా పోశారు. ఆ పొడి మధ్యలో నల్లగా ఊరింది. దాని మీద ఈగలు. రెండు బారల దూరంలో కొత్తగా పెట్టుకున్న మనుషులు గొడుగులు పాతుకుని పలకలు చీలుస్తున్నారు.

“మరక పోయేదాకా కూడా ఆగలేదా అంకన్నా?”

గని లీజుదారు అంకన్న కుర్చీలో కూర్చుని పొట్లం విప్పి బిర్యానీ తింటున్నాడు. ఎముక పీల్చి గడప బయటికి విసిరాడు. అది ఎలీషబా కాళ్ల దగ్గర పడింది.

“ఆగితే ఆర్డర్లు ఆగుతాయా మేడమ్? పోయినోడు ఒక్క క్షణంలో పోయినాడు, నొప్పి కూడా తెలీలేదు. ఉన్నోళ్లం బతకాల గదా. కూల్‌డ్రింక్ తాగండి.”

ఎలీషబా పాదాలు వెనక్కి లాక్కుంది. 

“ఆయన చేత చెప్పిందే చెప్పించకండి ఫర్హత్ గారూ.” షెడ్డు లోపలి నుంచి నవ్వుతూ వచ్చాడు వినయ్ కుమార్. ఒంగోలులో ప్రైవేటు డిటెక్టివ్. గని యజమానులు, మిల్లుల వాళ్లు ప్రమాదం జరిగిన ప్రతిసారీ అతన్నే పిలుస్తారు. ఎక్కడ ఎవరు చచ్చినా తప్పు చచ్చినవాడిదో, కూలీదో అని తేలేలా రిపోర్టు రాయడంలో అతనికి పేరుంది. “నేను మరుసటి రోజే వచ్చి అంతా చూశాను. బ్రేకు బంగారంలా ఉంది. మీరు తొందరగా చూసేసుకుంటే అందరం భోజనాలకు వెళ్లొచ్చు.”

“మీరు బ్రేకు విప్పి చూశారా వినయ్ కుమార్ గారూ?”

“సీలు మీద సీలుంటే ఎలా విప్పుతాను? పోలీసులు వేసిన సీలు నేను ముట్టుకుంటానా?”

“ఎవరూ ముట్టుకోలేదంటారు.”

“ఎస్సై గారు మీ ముందే ఉన్నారు, అడగండి.”

శ్యాంసన్ బ్రేకు పెట్టె మీది లక్క ముద్రను, దారాన్ని వేలితో తడిమి చూశాడు. “నేనేసిన సీలే. చెక్కు చెదరలేదు. ఆరోజు వేసింది వేసినట్టే ఉంది.”

“ఆ మాట నా రిపోర్టులో రాసుకుంటాను. మీరిద్దరూ సంతకం పెడతారా?”

“రెండు పెడతాను,” అన్నాడు వినయ్ కుమార్.

పెట్టాడు కూడా. ఫర్హత్ ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ట్రాలీ పైన వాలు మొదట్లో గొలుసులతో కట్టేసి ఉంది. చక్రాల కింద దిమ్మెలు ఉన్నాయి. రెండూ సరిగా ఉన్నాయని చూసుకున్నాక ఆమె సీలు విప్పించింది. మూత తీయగానే పాత గ్రీజు కంపు ముక్కులోకి కొట్టింది. లోపల అంతా బూడిదరంగు పలకపొడి, గ్రీజుతో కలిసి జిడ్డుగా పేరుకుపోయింది. స్ప్రింగుల మీద, నట్ల మీద, వైర్ల మీద అదే మడ్డి.

ఫర్హత్ టార్చి వేసి మోకాళ్ల మీద వంగింది.

“ఎస్సై గారూ, ఇటు రండి. ఇది బ్రేకు మాగ్నెట్. మోటారుకు కరెంటు వచ్చినప్పుడు దీనికీ వస్తుంది. అప్పుడు ఇది ఈ ఇనప బిళ్లను తనవైపు లాక్కుంటుంది, బ్రేకు తెరుచుకుంటుంది. కరెంటు పోగానే వదిలేస్తుంది. స్ప్రింగు తోసి బ్రేకు పడుతుంది. ఇప్పుడు ఈ రెండిటి మధ్య ఏముందో చూడండి.”

శ్యాంసన్ వంగి చూశాడు. “ఇత్తడి రేకు.”

“ఎట్లుంది?”

“తళతళలాడతా ఉంది.”

ఆ మాట అన్నాక శ్యాంసన్ తలెత్తి మిగతా పెట్టె వైపు చూశాడు. మడ్డి తప్ప ఏమీ కనిపించని ఆ పెట్టెలో ఆ ఒక్క రేకే కొత్త గిన్నెలా మెరుస్తోంది.

“శుభ్రం చేసుంటారు,” అన్నాడు వినయ్ కుమార్.

“రేకును మాత్రం శుభ్రం చేసి, చుట్టూ ఉన్న మురికిని అట్లే ఉంచారా? స్క్రూల తలలు చూడండి. మురికంతా ఉంది, స్క్రూడ్రైవరు పెట్టే గాడిలో మాత్రం లేదు. కొత్తగా గీరుకుపోయింది.”

ఆమె స్క్రూలు విప్పి రేకును చిన్న పటకారుతో బయటికి తీసింది. కాగితమంత పలచన. అంచులు కత్తెరతో కత్తిరించినవి, ఒకచోట వంకర కూడా సరిచేయలేదు. రేకు వెనక ఉన్న మాగ్నెట్ ముఖం మీద టార్చి వేసింది. ఇనుము అద్దంలా అరిగి, నొక్కుకుపోయి ఉంది.

“రేకు ఉన్నప్పుడు దెబ్బలన్నీ రేకు మీద పడాలి. ఇక్కడ ఇనుము మీద ఇనుము కొట్టుకుంది. ఇంతలా అరగాలంటే నెలలు పట్టుంటుంది.”

“అయితే ఏంటి?” వినయ్ కుమార్ గొంతులో నవ్వు తగ్గింది. “చిన్న రేకు ముక్క. అది లేకపోతే బ్రేకు ఇంకా గట్టిగా తెరుచుకుంటుంది. దానికీ మనిషి చావుకూ సంబంధం ఏంటి?”

ఫర్హత్ లేచి నిలబడింది. షెడ్డు మూలన నిలబడ్డ బాబావలిని పిలిచింది. గనిలో ఎలక్ట్రీషియన్ అతను. మీసం సరిగా రాని వయసు దాటి నాలుగేళ్లయి ఉంటుంది. ఆమె వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా కళ్లెత్తి చూడలేదు.

“బాబావలీ, మోటారు వైరు తీసెయ్. మాగ్నెట్ కాయిల్‌కు మాత్రం కరెంటు ఇచ్చి, నేను చెప్పినప్పుడు ఆపు.”

మొదట రేకును తిరిగి బిగించి చూపించింది. కరెంటు ఇవ్వగానే బిళ్ల అంటుకుంది. ఆపగానే ఠక్కని బ్రేకు పడింది. నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ పడింది.

“నేను చెప్పలేదూ!” అన్నాడు అంకన్న చేతులు కడుక్కుంటూ.

ఆమె రేకు తీసేసింది. “ఇప్పుడు ఇవ్వు... ఆపు.”

బాబావలి స్విచ్ ఆపేశాడు.

చప్పుడు రాలేదు.

బిళ్ల మాగ్నెట్‌ను కరుచుకునే ఉంది. బ్రేకు తెరుచుకునే ఉంది. శ్యాంసన్ స్విచ్ వైపు చూశాడు, వైర్ల వైపు చూశాడు. కరెంటు లేదు. ఫర్హత్ దుపట్టాకు పెట్టుకున్న గుండుపిన్ను తీసి మాగ్నెట్ అంచు దగ్గర పెట్టింది. పిన్ను ఆమె వేళ్లలోంచి జారి ఇనుముకు అంటుకుంది.

“కరెంటు తీసేసినా ఇనుములో అయస్కాంత గుణం కొంత మిగిలే ఉంటుంది ఎస్సై గారూ. ఇనుముకు ఇనుము పూర్తిగా అంటుకుంటే ఆ మిగిలిన కాస్తే చాలు, వదలదు. అట్ల అంటుకోకుండా సందు ఉంచడానికే ఈ ఇత్తడి రేకు. ఇత్తడిని అయస్కాంతం లాగదు. ఈ రేకు అరిగి ఊడిపోతే బ్రేకు పడటం ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమనేది ఆరోజు ఇనుము బుద్ధి.”

ఆమె స్పానరుతో పెట్టెను చిన్నగా తట్టింది. ఠక్! బ్రేకు పడింది.

గడప దగ్గర ఎలీషబా ఉలిక్కిపడింది.

“పౌలు విన్నది ఈ చప్పుడే. ట్రాలీ కింద గుద్దుకున్న అదురుకు బిళ్ల ఊడింది. వాడు బటన్ వదలడం నిజం, బ్రేకు పడకపోవడం నిజం.”

వినయ్ కుమార్ తేరుకున్నాడు. “మంచి గారడీ. సరే, ఒకప్పుడు రేకు లేదు, ఒప్పుకుందాం. ప్రమాదానికి ముందే కొత్తది వేశారు. అప్పుడు బ్రేకు సరిగానే ఉన్నట్టు. పౌలు మళ్లీ దోషే.”

“ముందే వేసుంటే దీని మీద దెబ్బలు ఉండాలి. ఒక పూట పనికే రేకు మీద మాగ్నెట్ అచ్చు దిగిపోతుంది. దీని మీద ఉన్న గుర్తులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో నాలుగు నేను ఇప్పుడు చేసినవి.”

“అయితే తరువాత వేశారు. ఎవరో, ఎప్పుడో.”

“సీలు మీద సీలుంటే ఎట్ల వేస్తారు? సంతకం పెట్టారు కదా మీరు.”

 ఫర్హత్ అతన్ని వదిలేసి శ్యాంసన్ వైపు తిరిగింది.

“ఆరోజు మీరు వచ్చేసరికి ట్రాలీ ఎక్కడుంది?”

“కింద. నతానియేలు మీదనే ఉంది.”

“ఎవరు లేపారు?”

“నా ముందరే లేపించినా. ఈ బాబావలే బటన్ నొక్కినాడు.”

“బ్రేకు?”

“ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగింది. రెండు మూడుసార్లు ఆపించి చూసినా. బ్రేకు మంచిగానే ఉందని రాసుకొని, ట్రాలీ పైకి చేరంగానే సీలేసి...”

శ్యాంసన్ మాట మధ్యలోనే ఆగిపోయింది.  తాను చెబుతున్నదేమిటో తనకే అప్పుడు అర్థమైంది. వచ్చేసరికే బ్రేకు బాగుపడి ఉంది. వచ్చేసరికి మనిషి ఇంకా ట్రాలీ కిందే ఉన్నాడు.

“అంటే...” అన్నాడు గొంతు తగ్గించి.

“అంటే మనిషిని బయటికి తీయకముందే బ్రేకు బాగుచేశారు.”

 అంకన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ వేళ్ల మధ్య ఇంకా నూనె మెరుస్తోంది.  ఫర్హత్ బాబావలి దగ్గరికి వెళ్లి, తమ ఇళ్లలో మాట్లాడుకునే ఉర్దూ కలిసిన మాటలో, నిజం చెప్పమని మెల్లగా అడిగింది.

“సచ్ బోల్ బాబావలీ. రేకు గనిలో ఉండిందా?”

బాబావలి అక్కను పిలిచినట్టు పిలుస్తూ తల అడ్డంగా ఊపాడు. “లేదు ఆపా. నేనే బండేసుకొని మార్కాపురం పోయి తెచ్చినా.”

“ఆయన ట్రాలీ కింద ఉండగా.”

“ఊఁ.”

“బతికే ఉన్నాడా?”

బాబావలి గోడకు ఆనుకుని అట్లే కిందికి జారి కూర్చున్నాడు. “నీళ్ళడిగినాడు ఆపా. పోయేటప్పుడు అడిగినాడు, వచ్చినాక కూడా అడుగుతానే ఉన్నాడు. నేను దిగబోతే అంకన్నన్న చొక్కా పట్టుకొని లాగినాడు, ముందు బ్రేకు సంగతి చూడరా అని. రేకు కోసేటప్పుడు నా చెయ్యి వణికి వంకర పోయింది. అది సరిచేస్తా ఉంటే... మాట ఆగిపాయ.”

“గడ్డపారలు పెట్టి ఎత్తలేదా? గొలుసు కట్టి లాగలేదా? ఇంతమంది ఉండిరి కదా!”

“అందరినీ ముందే పంపించేసినారు. ఉంటే సాక్ష్యానికి కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తాదని బెదరగొట్టినారు. పౌలన్నను షెడ్డు ఎనక కూర్చోబెట్టినారు.”

“ఒరే తురకోడా!” అంకన్న కుర్చీ తన్ని లేచాడు. “నా తిండి తిని నా మీదనే...”

శ్యాంసన్ లాఠీ అడ్డం పెట్టాడు. “కూర్చో.”

అంకన్న కూర్చోలేదు. అందరి ముఖాలూ ఒకసారి చూసి, చేతులు బార్లా చాపాడు. “నాకేం తెలుసు సార్? రేకులూ మాగ్నెట్లూ నాకు తెలుస్తాయా? ఈ బాబావలి చెప్పినాకనే తెలిసింది, రేకు లేక అట్లయిందని. ఏం చేయాల్నో తెలీక ఫోన్ చేసి అడిగినా. బ్రేకు బాగుచేయకముందు ట్రాలీ కదిలిస్తే నువ్వు జైలుకు పోతావన్నారు. చెప్పినట్టు చేసినా. తప్పు నాదెట్లయితాది?”

“ఎవరు చెప్పారు?” అంది ఫర్హత్.

అంకన్న నోటితో చెప్పలేదు. అతని చూపు మాత్రం వినయ్ కుమార్ మీదికి పోయింది.

వినయ్ కుమార్ చిన్నగా నవ్వాడు. “నేను వచ్చింది మరుసటి రోజు. నాకు విషయం తెలిసిందే అప్పుడు. మనిషి చనిపోయాడని చెబితే వచ్చాను. బతికి ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే నేనే అంబులెన్సు పిలిచేవాణ్ణి. మీరు నన్ను అంత దుర్మార్గుణ్ణి అనుకుంటున్నారా?”

అతను ఆ మాట ఫర్హత్ కళ్లలోకి చూస్తూ అన్నాడు. రెప్ప వేయలేదు. ఇన్నేళ్లలో ఎంతమంది విధవల ముందు ఇట్లాగే నిలబడి ఉంటాడో అనుకుంది ఆమె.

“స్పీకరు పెట్టినాడు ఆపా,” అన్నాడు బాబావలి నేలచూపు చూస్తూనే.

“ఏంది?” శ్యాంసన్ అటు తిరిగాడు.

“అంకన్నన్న చేతులకు రక్తమయింటే ఫోను నేనే పట్టుకున్నా, స్పీకరు పెట్టి. గని అంచున నిలబడినాం. కింద నతానియేలన్న అరుస్తా ఉన్నాడు. సారుకూ వినపడింది.”

“వాడు అబద్ధం...” వినయ్ కుమార్ ఒక అడుగు ముందుకు వేశాడు.

“నీకెట్ల తెలుసు, వినపడిందని?” ఫర్హత్ బాబావలి వైపు వంగింది.

“సారే అడిగినాడు ఆపా. ఆ గోల ఏంది, కొంచెం అవతలికి పోయి మాట్లాడండి, సరిగా వినపడటం లేదు అన్నాడు. మేము అవతలికి పోయి మాట్లాడినాం.”

ఫర్హత్ షెడ్డు గుంజ పట్టుకుంది.  హత్యలు చూసింది. కోపంతో చేసినవి, ఆస్తి కోసం చేసినవి. చావబోతున్న మనిషి అరుపు ఫోనుకు అడ్డం వస్తోందని విసుక్కున్నవాణ్ణి మాత్రం ఇంతవరకు చూడలేదు.

శ్యాంసన్ చెయ్యి చాచాడు. “ఫోను ఇవ్వండి.”

“వారెంటు ఉందా?” అన్నాడు వినయ్ కుమార్. చేయి జేబు మీదికి పోయింది. అప్పుడే అతనికి దారికి అడ్డంగా ఎవరో నిలబడి ఉన్నట్టు తెలిసింది.

ఎలీషబా ఎప్పుడు లేచిందో, గడప దాటి లోపలికి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె ఏడవడం లేదు. అతని ముఖంలోకి చూసి, దారి తప్పిన మనిషికి ఊరి పేరు చెబుతున్నంత నెమ్మదిగా అంది.

“ఆ గోల మా ఆయనది సార్.”